గ్రేట్ వేవ్‌కి "అసలు పెయింటింగ్" లేనే లేదు

ఈ వారం మూడు గ్రూపుల నుంచి ఒకే మెసేజ్ వచ్చింది. పైన జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన గ్రేట్ వేవ్ (పెద్ద అల) బొమ్మ, కింద ఈ మాటలు: "అచ్చు బొమ్మ అంటే కాపీ, మెషిన్ పని. అసలు పెయింటింగ్ జపాన్ మ్యూజియంలో ఒక్కటే ఉంది. దానికి దగ్గరగా ఉండేది కావాలంటే ప్రింట్ వద్దు, చేత్తో వేసిన కాన్వాస్ కొనండి. వాన్ గో కూడా అలాగే చేశాడు." చదివితే సబబుగానే అనిపిస్తుంది. అందుకే అందరూ పంపుతున్నారు, కొందరు డబ్బు కూడా పెడుతున్నారు. కాబట్టి ఒక్కొక్క మాటా చూద్దాం.

అసలు పెయింటింగ్ ఒక్కటే ఉందట. ఒక్కటి కూడా లేదు. 1831 ప్రాంతంలో, అప్పటి ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, డెబ్బై ఏళ్ళ హొకుసాయ్ పల్చటి కాగితం మీద బొమ్మ గీసి ప్రచురణకర్త నిషిమురాయ యొహాచికి ఇచ్చాడు. చెక్కే పనివాడు ఆ కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, గీత వెంబడి కాగితంతో సహా చెక్కేస్తాడు. చెక్కడం పూర్తయ్యేసరికి హొకుసాయ్ గీసిన కాగితం మిగలదు. అది పొరపాటు కాదు, ఈ కళలో పద్ధతే అది. అలా చెక్కిన చెక్క అచ్చుల మీంచి అప్పట్లో వచ్చిన ప్రతి కాగితమూ అసలే. అలాంటివి వేల సంఖ్యలో వేశారని అంచనా. బ్రిటిష్ మ్యూజియం ఒక్కదానిలోనే మూడున్నాయి. ఏది ముందు వేసిందో, ఏది అచ్చు అరిగాక వేసిందో తెలుసుకోవడానికి, బొమ్మ పేరు రాసిన గడి అంచు గీత ఎక్కడైనా తెగిందా అని చూస్తారు. 2023లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో ఒక ప్రతి 27 లక్షల డాలర్లకు పైగా పలికింది. అంత ధర పలికింది ఈ "కాపీ" అనే అచ్చు బొమ్మకే.

ఇక "మెషిన్ పని" అనే మాట. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే. మనకి అద్దకం తెలుసు: పెడనలో గుడ్డ పరిచి, రంగులో ముంచిన అచ్చుని పైనుంచి అద్దుతారు. ఎడోలో అంతా తలకిందులు. అచ్చు కింద కదలకుండా ఉంటుంది, దాని మీద కుంచెతో రంగు పూస్తారు, తడి కాగితాన్ని పైన పరుస్తారు, వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్ళతో కాగితం వీపు మీద గట్టిగా రుద్దుతారు. ఆ బిళ్ళని బారెన్ అంటారు. ఒక్కో రంగుకి మళ్ళీ మళ్ళీ ఇదే పని. రంగులు పక్కకి జరగకుండా చెక్క మూలలో చిన్న గాడి ఉంటుంది, ప్రతిసారీ కాగితం సరిగ్గా అక్కడే ఆనాలి. ఆకాశంలో రంగు క్రమంగా పలచబడుతుందే, దాన్ని ఏ అచ్చూ ఇవ్వదు. రంగు వేసే మనిషి ప్రతి కాగితానికీ ముందు చెక్క మీద తడితో ఆ రంగుని తేల్చి సర్దుతాడు. వంద కాగితాలైతే వంద సార్లు. ఇందులో మెషిన్ ఎక్కడుంది?

చేత్తో వేసిన కాన్వాస్ అసలుకి దగ్గరగా ఉంటుందా? మా స్నేహితురాలి హాల్లో మూడడుగుల ఆయిల్ కాన్వాస్ ఉంది. "మ్యూజియం క్వాలిటీ" అని చెప్పి అమ్మారట. టోక్యోలో పాత పద్ధతిలో మళ్ళీ చెక్కి వేసిన ప్రతి ఒకటి నా దగ్గరుంటే తీసుకెళ్ళి పక్కన పెట్టాను. మొదట తేడా తెలిసింది నురుగులో. కాన్వాస్ మీద నురుగు తెల్ల రంగు, వేలు పెడితే గరుకుగా తగిలేంత మందం. అచ్చు బొమ్మలో నురుగు దగ్గర రంగే లేదు, అది ఉత్త కాగితం. ఫుజీ కొండ మీది మంచు కూడా అంతే. రెండోది గీత. కాన్వాస్‌లో అలల అంచులు నల్లగా ఉన్నాయి. హొకుసాయ్ బొమ్మలో ఆ గీతలు నీలం. అప్పట్లో జపాన్‌లో కొత్తగా వాడకంలోకి వచ్చిన ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం ఈ బొమ్మకి ప్రాణం. ఇక సైజు. అసలు బొమ్మ సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు, 37 వెడల్పు. చేతిలో పట్టుకుని దగ్గరగా చూసుకునే బొమ్మ అది. మూడడుగులకి సాగదీస్తే గోళ్ళలాంటి ఆ నురుగు కొసల పదును పోతుంది.

వాన్ గో సంగతి నిజమే, సగం. 1887లో పారిస్‌లో ఆయన హిరోషిగే అనే జపాన్ చిత్రకారుడి బొమ్మలు రెండింటిని ఆయిల్‌లో వేశాడు. ఒకటి ఎడోలోని కమెయిదో తోటలో పూసిన చెట్టు, ఇంకొకటి వంతెన మీద వాన. రెండూ 1857 నాటి అచ్చు బొమ్మలు. కానీ వాన్ గో రంగులు బాగా పెంచాడు. చుట్టూ అంచులు కట్టి, వేరే బొమ్మల్లోంచి తీసుకున్న జపాన్ అక్షరాలతో నింపాడు. హిరోషిగే వాన చూడండి: వెంట్రుకంత సన్నటి గీత ఒక్కొక్కటీ నిలిచేలా, దానికి రెండు పక్కలా చెక్కని తొలిచారు. వాన్ గో వాన కుంచె విసుర్లు. ఆ రెండూ గొప్ప పెయింటింగులే. అవి హిరోషిగేని చూసి వాన్ గో వేసుకున్న వాన్ గో బొమ్మలు. అసలు బొమ్మలు మాత్రం వందల కొద్దీ కొని దగ్గర పెట్టుకున్నాడు, అవన్నీ అచ్చు బొమ్మలే.

ఒకాయన నాతో వాదిస్తూ, గ్రేట్ వేవ్ మీది హొకుసాయ్ సంతకంలోనే "కుంచె" అనే మాట ఉంది కదా, అంటే పెయింటింగే కదా అన్నాడు. ఉంది. కానీ ఆ మాట చెప్పేది చెక్కడానికి ముందు గీసిన బొమ్మ ఎవరిదనే. 1765 ప్రాంతంలో సుజుకి హరునొబు అనే చిత్రకారుడి కాలానికి పూర్తి రంగుల అచ్చులు వచ్చాయి. అంతకు ముందైతే నల్ల గీత అచ్చు వేసి రంగులు చేత్తో పూసిన బొమ్మలు ఉండేవి, అదీ నిజమే. హొకుసాయ్ తన చేత్తో రంగులు వేసిన అలలే కావాలా? నాగానో ప్రాంతంలో ఒబుసే అనే ఊరుంది. ఎనభై దాటాక అక్కడి ఉత్సవ రథం కప్పుకి ఆయన రెండు అలలు వేశాడు. ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉన్నాయి.

కాన్వాస్ నచ్చితే కొనుక్కోండి, వేసినవాళ్ళ కష్టం కష్టమే. అమ్మేవాళ్ళు "అసలుకి దగ్గర" అంటే మాత్రం కాగితం మీద వేసిన అచ్చు చూపించమనండి. తిరగేసి వీపు చూడండి. చేత్తో రుద్ది వేసినదైతే రంగు వెనక్కి దిగి ఉంటుంది, వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే బారెన్ తిరిగిన చారలు కూడా చాలాసార్లు కనిపిస్తాయి.