రిమ్ము వదలని టైరు గారికి ఒక బహిరంగ లేఖ

శ్రీయుత 28-622 టైరు గారికి,
కేరాఫ్ వెనక చక్రం, నా సైకిలు.

విషయం: తమరు రిమ్మును వదలకపోవడం గురించి.
సూచిక: నార్సింగి సర్వీసు రోడ్డు పక్కన, తెల్లారకముందే తమరికీ నాకూ మధ్య జరిగిన (విఫలమైన) చర్చలు.

అయ్యా,

క్షేమమా అని అడగను. గాలంతా పోయాక కూడా రిమ్ము అంచుని పట్టుకుని అంత ధీమాగా కూర్చున్నవారికి క్షేమానికేం లోటు? లోటంతా లోపలున్న ట్యూబుకి, బయటున్న నా బొటనవేళ్లకి. లారీ టైర్లు పగిలినప్పుడు రోడ్డు మీద రాలిపడే సన్నటి ఇనప తీగ ఒకటి తమరిలోంచి దూరి ట్యూబుకి తగిలింది. తీగని పీకి ట్యూబు మార్చడం పది నిమిషాల పని. దానికి తమరు కాస్త ఊడిరావాలి. అదీ ఒక పక్కే. రెండో పక్క హాయిగా రిమ్ములోనే ఉండొచ్చు. ఇంత చిన్న కోరికకి అంత మొండికేయడం ఎందుకో సెలవిస్తే బాగుంటుంది.

తమరి వంశ చరిత్ర తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు. చెబుతాను, వినండి.

1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడు చక్రాల బండి కోసం గాలి టైరు చేశాడు. నిజానికి 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఆయన గాలి టైరుకి పేటెంటు తీసుకుని ఉన్నాడు. ఆ సంగతి బయటపడి డన్‌లప్ పేటెంటు నిలవలేదు, అది వేరే గొడవ. మనకి కావలసింది ఏమిటంటే, ఆ కాలపు టైర్లని రిమ్ముకి జిగురుతో అతికించేవారు. 1889లో ఫ్రాన్సులోని క్లెర్మాన్-ఫెరాన్ ఊళ్లో మిషెలిన్ సోదరుల ఫ్యాక్టరీకి ఒకాయన పంక్చరైన సైకిలుతో వచ్చాడు. టైరు ఊడదీసి బాగుచేసేసరికి గంటలు పట్టింది. జిగురు ఆరడానికి రాత్రంతా ఉంచారు. మర్నాడు తొక్కి చూస్తే మళ్లీ గాలి దిగిపోయింది. గాలి టైరు గొప్పదే గానీ దాన్ని ఎవరికి వారు ఇట్టే తీసి వేసుకునేలా ఉండాలని ఆ అన్నదమ్ములకి అప్పుడు తట్టింది. 1891లో ఊడివచ్చే టైరుకి పేటెంటు తీసుకున్నారు. అదే ఏడాది మొదటిసారి జరిగిన పారిస్-బ్రెస్ట్-పారిస్ పందెంలో, 1200 కిలోమీటర్ల దూరం, షార్ల్ టెరాన్ ఆ టైర్ల మీద గెలిచాడు.

ఆ మరుసటేడు మిషెలిన్ వాళ్లు పారిస్ నుంచి క్లెర్మాన్-ఫెరాన్‌కి సొంతంగా పందెం పెట్టి, దారిలో మేకులు చల్లించారు. తమ టైరు ఎంత సులువుగా ఊడి వస్తుందో, ఎంత తొందరగా బాగవుతుందో లోకానికి చూపించడానికి! మన దగ్గర పంక్చర్ షాపుకి అర కిలోమీటరు ముందు ఒక్క మేకు కనబడితే చాలు, షాపువాడి ఏడు తరాలనీ అనుమానిస్తాం. వాళ్లు దర్జాగా చల్లి, పేపర్లకెక్కారు.

కాబట్టి అయ్యా, ఊడిరావడం కోసమే తమరి వంశం పుట్టింది. రోడ్డు పక్కన, వర్క్‌షాపు లేకుండా, మామూలు మనిషి చేతుల్లో ఊడిరావడానికి. పూర్వీకులు మేకుల దారిలో కూడా నిలబెట్టుకున్న పరువుని తమరు నార్సింగిలో తీశారు.

తప్పంతా తమరిదే అననులెండి. పెళ్లి కుదిర్చిన తీరు అలాంటిది. తమరిది ఒక కంపెనీ, రిమ్ముది ఇంకో కంపెనీ. జాతకాల్లో చూసింది ఒక్కటే: 622. తమరి పక్క గోడ మీద బియ్యపు గింజంత అక్షరాల్లో ఉందది, రిమ్ము మీద స్టిక్కరులోనూ ఉంది. అంచులు కూర్చునే చోట వ్యాసం 622 మిల్లీమీటర్లని అర్థం; దాని ముందున్న 28 తమరి వెడల్పు, అదీ మిల్లీమీటర్లలోనే. నంబరు కలిసింది, ముహూర్తం పెట్టేశారు. అమ్మాయి తరఫు కొలత ఆ నంబరుకి ఓ వెంట్రుకవాసి పైన, అబ్బాయి తరఫుది ఓ వెంట్రుకవాసి కింద. రెండూ తమ తమ హద్దుల్లోనే ఉన్నాయి, కలిపితే ఊపిరాడదు. కాపురం చెడ్డాక పెద్దమనుషుల దగ్గరికి వెళ్తే ఏమవుతుందో తెలిసిందే కదా. టైరువాళ్లు 'రిమ్ములో ఉందండీ లోపం' అంటారు, రిమ్మువాళ్లు 'మా వైపు అంతా పద్ధతిగానే ఉందండీ' అంటారు.

ఆ మాత్రం నంబరైనా చూడకుండా 28 అంగుళాల టైరు ఇమ్మంటే ఇంకా గోల. రాడ్ బ్రేకుల పాత నల్ల సైకిలు టైరు మీద 28 అంగుళాలనే ఉంటుంది, దాని అసలు వ్యాసం 635. తమరి జాతిని కూడా కొన్నిచోట్ల 28 అంగుళాలనే పిలుస్తారు. 13 మిల్లీమీటర్ల తేడా. సైకిలు సామాన్ల కొట్లో దీని మీద వాదన పెట్టుకుంటే మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోతుంది.

ఆ తెల్లవారుజామున సలహాలు చెప్పడానికి మాత్రం మనుషులు కరువవలేదు. వాకింగుకి వచ్చిన ఒక పెద్దాయన ఆగి, "ఏం బాబూ, పంక్చరా? మా రోజుల్లో చేత్తో పట్టుకుని లాగేసేవాళ్లం" అన్నారు. అబద్ధమేం కాదు. ఆ నల్ల సైకిళ్ల టైర్లు చాలావరకు అంత వదులుగానే ఉండేవి. "బలం సరిపోవట్లేదా?" అని కూడా అడిగారు. దానికి జవాబు చెప్పలేదు. పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పరుగున వెళ్లి ఒక స్క్రూడ్రైవరు తెచ్చాడు. మంచి మనిషి. కానీ స్క్రూడ్రైవరుతో తమరిని పెకలిస్తే కొత్త ట్యూబు కూడా అక్కడికక్కడే పాతదవుతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడొకడు, "అన్నా, ట్యూబ్‌లెస్ చేయించుకోవాల్సింది కదా" అని చెప్పి వెళ్లిపోయాడు.

తమ్ముడూ, అసలు గొడవ మొదలైంది అక్కడే. నా రిమ్ము ట్యూబ్‌లెస్ రెడీ అనే రకం, ట్యూబుతోనైనా, లేకుండానైనా నడుస్తుంది. ట్యూబు లేకుండా గాలి నిలవాలంటే టైరు అంచు రిమ్ముకి గాలి చొరకుండా అతుక్కోవాలి. అందుకని రిమ్ము లోపల రెండు పక్కలా రెండు అరుగులు కడతారు, టైరు అంచు జారి మధ్యలోకి పడిపోకుండా అరుగు చివర ఓ చిన్న గట్టు పోస్తారు. గాలి కొట్టినప్పుడు టైరు అంచు టక్కుమని ఆ గట్టెక్కి అరుగు మీద చేరుతుంది. ఆ చప్పుడు వింటే షోరూములో అందరి ముఖాలూ వెలిగిపోతాయి. ఎక్కినవాళ్లు దిగాలి కదా అని అక్కడ ఎవరూ అడగరు.

అయ్యా, ఆ దిగడం దగ్గరే తమరి అహంకారమంతా బయటపడింది. గాలి లేదు, ట్యూబు చప్పబడింది, అయినా తమరు గట్టు దాటి ఒక్క అంగుళం కదలలేదు. టైరు ఊడదీసే ప్లాస్టిక్ లీవర్లలో మొదటిది అంచు కింద దూర్చి, రెండో కొనని స్పోకుకి తగిలించాను. రెండో లీవరు పెట్టి నొక్కుతుంటే దాని మొన తెల్లబడింది. ప్లాస్టిక్ తెల్లబడిందంటే దానికి ఆయుష్షు తీరిందని గుర్తు. ఫట్‌మంది. ముక్క గడ్డిలోకి ఎగిరింది. తమరి అంచులో ఉన్నది ఉక్కు తీగ. అది సాగదు. మడిచి జేబులో పెట్టుకునే ఖరీదైన టైర్లలో అరామిడ్ అనే గట్టి కృత్రిమ పోగు ఉంటుంది, అదీ సాగేది లేదు. సాగని దాన్ని లాగి లాగి సాధించేదేముంది? ఈ సంగతి తమరికి తెలుసు. అందుకే అంత నిబ్బరం.

అయితే తమరి గుట్టు ఒకటి నాకూ తెలిసింది. చెప్పింది ఒక పంక్చర్ షాపతను. మన హైవేల మీద టైరు షాపుల్లో తరచూ కనిపించే మలయాళీ మేస్త్రుల్లో ఒకడు. కంప్రెసరు పక్కన రబ్బరు చెప్పుల మీద చతికిలబడి కూర్చుని, చక్రాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు. లీవరు ముట్టలేదు. ముందు వాల్వు మూతి నొక్కి మిగిలిన కాస్త గాలి కూడా తీసేశాడు. వాల్వు మెడకి బిగించిన చిన్న గుండ్రటి నట్టు విప్పి నేల మీద పెట్టాడు. తర్వాత రెండు బొటనవేళ్లతో టైరు పక్కగోడని ఒక్కో చోటా లోపలికి తోస్తూ చక్రం చుట్టూ వచ్చాడు. టక్, టక్, టక్. తమరు గట్టు దిగిన చప్పుడే అది. రెండో వైపూ అంతే. అప్పుడు చక్రాన్ని నిలబెట్టి, వాల్వు కిందికి వచ్చేలా తిప్పి, పైనుంచి రెండు చేతులతో తమరిని పిండుకుంటూ, పాముకుంటూ కిందికి వచ్చాడు. వాల్వు దగ్గరికి వచ్చేసరికి అక్కడ తమరి అంచు రిమ్ము మీద వదులుగా ఊగుతోంది. "బలం వద్దు సార్. ఇటు రావాలంటే అటు నొక్కాలి" అన్నాడు. లీవరు ఒక్కటే వాడాడు, అదీ మర్యాదకి అన్నట్టు.

దాని వెనక లెక్క కూడా రాసేస్తున్నాను, అందరూ చదువుకుంటారు. రెండు అరుగుల మధ్య రిమ్ములో ఒక పల్లం ఉంటుంది. 1890లో చార్ల్స్ కింగ్‌స్టన్ వెల్చ్ అనే ఇంగ్లిషాయన అంచులో తీగ ఉన్న టైరుకి పేటెంటు తీసుకున్నప్పుడే రిమ్ములో ఈ పల్లం కూడా పెట్టాడు. తీగ సాగదు కాబట్టి అది దిగడానికి చోటుండాలని ఆయనకి అప్పుడే తెలుసు. పల్లం లోతు 3 మిల్లీమీటర్లు అనుకోండి. చక్రంలో సగం మేర తమరి అంచుని ఆ పల్లంలోకి దించితే, 3 ఇంటూ 3.14, దాదాపు 9.4 మిల్లీమీటర్ల వదులు రెండో సగానికి చేరుతుంది. లీవరుకి కావలసింది ఆ వదులే. స్పోకు రంధ్రాల్ని కప్పే రిమ్ము టేపు మందంగా రెండు చుట్లు చుట్టి ఒక మిల్లీమీటరు పల్లాన్ని పూడ్చేస్తే ఆ వదులు 6.3కి పడిపోతుంది. ట్యూబులో కాస్త గాలి మిగిలినా అంతే, పల్లంలో తమరికి చోటుండదు. లీవరు వాల్వు దగ్గరే ఎందుకంటే, వాల్వు మొదలు ఉన్నచోట ట్యూబు మందం వల్ల తమరు ఎలాగూ పల్లంలోకి దిగలేరు. అందుకని మిగతా అన్నిచోట్లా దించి, వదులంతా అక్కడికి తోలుకు రావాలి. తిరిగి ఎక్కించేటప్పుడు కూడా వాల్వుకి ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గరే ముగించాలి.

ఇంత చిన్న కిటుకు తమరి అట్టపెట్టె మీద ఎక్కడా లేదు. పెట్టె మీద ఏ రేసులో ఎవరు గెలిచారో ఉంది, రబ్బరు మిశ్రమానికి పెట్టిన రాకెట్టు పేరులాంటి పేరుంది, గ్రాముల్లో బరువుంది. ఊడదీసే పద్ధతి లేదు.

ఇదంతా ఇంటి దగ్గర తీరికగా అయితే సరదాగానే ఉంటుంది. హైదరాబాదులో, విశాఖలో బ్రెవెలు, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిలు సవారీలు, తొక్కే వాళ్లని అడగండి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. దారిలో కార్డు మీద ముద్ర వేసే కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్ప వెంట కారు పెట్టుకుని సాయం తీసుకోవడానికి వీల్లేదు. తర్వాత 300, 400, 600 తొక్కి, ఆ పారిస్-బ్రెస్ట్-పారిస్‌కి అర్హత సంపాదించుకోవాలి. టెరాన్ గెలిచింది ఆ పేరు మీదే, తమరి వంశానికి పేరొచ్చిందీ అక్కడే. అర్ధరాత్రి దాటాక, హెడ్‌లైటు వెలుతురులో, వాన పడుతుండగా, వేళ్లు తిమ్మిరెక్కిన మనిషి ముందు తమరు ససేమిరా అంటే, గడియారం మాత్రం ఆగదు. టైము అయిపోయిందని రాసుకునే వాలంటీరుకి తమరి పేరు రాసే గడి ఆ కార్డులో లేదు.

కనుక ఈ దిగువ డిమాండ్లని తమరి ద్వారా తమరి కంపెనీ పెద్దలకీ, వియ్యాలవారైన రిమ్ము కంపెనీ పెద్దలకీ పంపుతున్నాను. 622 అని అచ్చువేసేవారు ఆ టైరు ఏ రిమ్ముల మీద వేసి చూశారో కూడా అచ్చువేయాలి. 'సులువుగా బిగుస్తుంది' అని రాసే ముందు సదరు కంపెనీ అధిపతి ఏసీ గదిలోంచి బయటికి వచ్చి, రెండు ప్లాస్టిక్ లీవర్లతో, చెమట పట్టిన చేతులతో, మే నెలలో మన సర్వీసు రోడ్డు మీద తమరిని ఒక్కసారి ఊడదీసి చూపించాలి. పక్కన ఆ పెద్దాయన కూడా ఉండాలి, "బలం సరిపోవట్లేదా?" అని అడగడానికి.

మలయాళీ మేస్త్రి ఆ పనికి యాభై రూపాయలు తీసుకున్నాడు. విరిగిన లీవరు ఖరీదు అంతకంటే ఎక్కువ. రసీదు జత చేస్తున్నాను, తమరి కంపెనీ నుంచి ఇప్పించగలరు.

ఇట్లు,
వాచిన రెండు బొటనవేళ్ల తరఫున,
వెనక చక్రం యజమాని