బోర్లా పడుకున్న వీరుడు

కుస్తీ చరిత్ర రాసినవాళ్లు స్టానిస్లాస్ జిబిస్కోకు చేసిన అన్యాయం అంతా ఇంతా కాదు. గామా పహిల్వాన్ గొప్పవాడే, కాదనను. కానీ ఆ గొప్పతనాన్ని రెండున్నర గంటల పాటు నేల కరుచుకుని ఆపినవాడికి ఒక్క మెచ్చుకోలు మాటైనా దక్కొద్దా?

1910లో గామా లండన్ వెళ్లాడు. మనిషి అయిదడుగుల ఏడంగుళాలు, అక్కడి దొరల కంటికి ఆనలేదు. ఏ ముగ్గురినైనా పంపండి, అరగంటలో ఎత్తి పడేస్తానన్నాడు. అమెరికా నుంచి డాక్టర్ రోలర్ ముచ్చటపడి వచ్చి, నిమిషాల్లోనే రెండుసార్లు చిత్తయ్యాడు. నిలబడి పోరాడటమే పాపం ఆయన చేసిన పొరపాటు.

పోలండ్ వస్తాదు జిబిస్కో అంత అమాయకుడు కాదు. ఓడినట్టు లెక్క ఎప్పుడు? రెండు భుజాలూ నేలకు ఆనినప్పుడు. మరి పొట్ట కిందికి, భుజాలు పైకి పెట్టుకుంటే? సెప్టెంబరు 10న వైట్ సిటీ స్టేడియంలో, ప్రపంచ విజేతకిచ్చే జాన్ బుల్ బెల్టూ 250 పౌండ్ల బహుమానమూ ఎదురుగా ఉండగా, ఆయన ఆ పనే చేశాడు. మొదటి నిమిషంలోనే కిందపడి, ఇక అదే తన ఇల్లనుకున్నాడు. గామా మెడ పట్టాడు, కాలు లాగాడు, పక్కకి దొర్లించబోయాడు. క్వింటాలు దాటిన శరీరం. తిరగేద్దామంటే పెనానికి అతుక్కుపోయిన అట్టులా కదలదే! మధ్యలో అడపాదడపా లేచాడు గానీ, పై గాలి పడలేదో ఏమో, మళ్లీ పడుకున్నాడు. టికెట్టు కొని వచ్చినవాళ్లు గోల పెట్టారు. పెట్టరా మరి, ఇంకొకడు పడుకుంటే చూడటానికి అంత దూరం రావాలా?

చివరికి డ్రా అన్నారు. కింద పడ్డా పైచేయి నాదే అనే మన సామెతను, తెలుగు ముక్క రానివాడు అంత నిష్ఠగా పాటించాడంటే నాకు గర్వంగానే ఉంటుంది.

వారం తిరిగేసరికి, 17న మళ్లీ పోటీ. ఈసారి తన విద్యను ఇంకో మెట్టు ఎక్కించాడు: అసలు రానే లేదు. గోదాలో లేనివాడి భుజాలు ఎవరు ఆనిస్తారు చెప్పండి? అయినా బెల్టు గామాకే ఇచ్చేశారు. ఇదీ వాళ్ల న్యాయం!

1928 జనవరిలో ఇద్దరూ పటియాలాలో మళ్లీ తలపడ్డారు. గామాకు అప్పటికి యాభై ఏళ్లు దగ్గరపడ్డాయి. ఇంతకాలం కాపాడుకున్న విద్యను వదిలేసి, జిబిస్కో పౌరుషానికి పోయాడు. నిలబడ్డాడు. నిమిషం కూడా పట్టలేదు.

ఆయనకు లేవమని సలహా ఇచ్చిన మహానుభావుడెవరో గానీ!