ఆ ఆరు వారాల డబ్బు నాకు రాలేదు

ఇక్కడ అమెరికాలో లేఆఫ్‌లో నా ఉద్యోగం పోయాక అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి, అంటే ఉద్యోగం పోయినవాళ్లకు ప్రభుత్వం వారాల లెక్కన ఇచ్చే భృతికి, అప్లై చేయడానికి ఆరు వారాలు ఆగాను. ఫారం కష్టమని కాదు, కూర్చుంటే గంటలో అయిపోయింది. ఒకరి ముందు చేయి చాచడమా అన్న ఆలోచనే ఆపింది. "ఏమండీ, అప్లై చేశారా?" అని మా ఆవిడ అడిగినప్పుడల్లా "ఈలోగా ఏదో ఒక ఉద్యోగం వస్తుందిలే, మనకెందుకది" అనేవాడిని. గ్రీన్ కార్డు ఉంది, పదకొండేళ్ల సర్వీసు ఉంది, తీసేసింది కంపెనీయే. అర్హతకు ఏ లోటూ లేదు. కానీ సాధారణంగా క్లెయిమ్ మనం అప్లై చేసిన వారం నుంచే మొదలవుతుంది. గట్టి కారణం చూపిస్తే తప్ప వెనక్కి లెక్క కట్టరు.

ఆ డబ్బు ఎక్కడిదో తెలిసి ఉంటే ఆగేవాడిని కాదు. 1935లో రూజ్‌వెల్ట్ సంతకం చేసిన సోషల్ సెక్యూరిటీ చట్టంతో దేశమంతటా వచ్చిన బీమా ఇది. మనం పనిచేసినన్నాళ్లూ మన పేరు మీద కంపెనీ పన్ను కడుతూనే ఉంటుంది: ఒక్కో ఉద్యోగి జీతంలో మొదటి 7,000 డాలర్ల మీద ఫెడరల్‌కి, విడిగా రాష్ట్రానికి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, అలాస్కాల్లో అయితే ఉద్యోగి జీతంలోంచి కూడా కోస్తారు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్నవాళ్లు ఒకసారి పే స్టబ్ (జీతం చీటీ) తీసి చూడండి.

"మన జీతాల ముందు అదెంత?" అని ఒక మిత్రుడు అన్నాడు. కాలిఫోర్నియాలో వారానికి గరిష్ఠంగా 450 డాలర్లు, 26 వారాల వరకు. మొత్తం 11,700. ఇంటి లోన్ కట్టడానికి చాలకపోవచ్చు, ఇల్లు గడవడానికి పనికొస్తుంది. ఫ్లోరిడా, నార్త్ కరోలినాల్లో వారాలు ఇంకా తక్కువ. అందుకే ముందు మీ రాష్ట్రం లెక్క చూసుకోండి. ఈ డబ్బు మీద ఫెడరల్ టాక్స్ ఉంటుంది. అడిగితే 10 శాతం ముందే పట్టుకుని ఇస్తారు, ఏప్రిల్‌లో టాక్స్ కట్టేటప్పుడు టెన్షన్ తగ్గుతుంది.

మనవాళ్లలో అసలు గందరగోళం వీసా దగ్గర. ఈ బెనిఫిట్ రావాలంటే వెంటనే పనిలో చేరడానికి చట్టప్రకారం వీలుండాలి. హెచ్-1బీ ఒక కంపెనీకి కట్టేసి ఉంటుంది కాబట్టి వాళ్లకు చాలావరకు రాదు. వాళ్ల పోరాటం ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్‌తో. ఏళ్ల తరబడి వాళ్ల పేరు మీద కూడా పన్ను కట్టించుకుని ఖాళీ చేతులతో పంపడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ల జీవిత భాగస్వామికి వచ్చే పని అనుమతి) మీద పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న ఆడపడుచులు కూడా "వీసా వాళ్లకి రాదట" అనుకుని ఊరుకుంటున్నారు. ఈఏడీ చెల్లుబాటులో ఉంటే అప్లై చేయండమ్మా. తీసుకుంటే గ్రీన్ కార్డుకి అడ్డు అనే భయం ఇంకొకటి. గ్రీన్ కార్డు అడిగేవాళ్లు ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసే 2022 నాటి పబ్లిక్ ఛార్జ్ నిబంధన దీన్ని పని చేసి సంపాదించుకున్న బెనిఫిట్‌గానే చూసింది, లెక్కలోకి తీసుకోలేదు. ఫైల్ నడుస్తున్నవాళ్లు తమ లాయర్‌ని కూడా ఒక మాట అడగండి.

తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, సివరెన్స్, వచ్చింది కదా అని మీకు మీరే కాదనుకోవద్దు. దాన్ని ఒక్కో రాష్ట్రం ఒక్కోలా చూస్తుంది. ఉన్నది ఉన్నట్టు రాసి, నిర్ణయం వాళ్లకు వదిలేయండి. కాదని ఉత్తరం వస్తే అప్పీలు గడువు అందులోనే ఉంటుంది, అది చాలా తక్కువ. క్లెయిమ్ మొదలయ్యాక ఇంకా అర్హత ఉందని ఎప్పటికప్పుడు సర్టిఫై చేయడం మరిచిపోతే డబ్బు ఆగిపోతుంది. మధ్యలో చిన్న పని చేసి సంపాదించినా చెప్పి తీరాలి.

మొన్న ఉగాది కార్యక్రమం అయ్యాక ఒక తమ్ముడు నన్ను పార్కింగ్ లాట్‌లో ఆ చివరకు తీసుకెళ్లి, గొంతు తగ్గించి, "అన్నా, నువ్వు తీసుకున్నావట కదా, ఎలా?" అని అడిగాడు. ఉద్యోగం పోయి రెండు నెలలైందట. అంతసేపూ లోపల అందరితో నవ్వుతూ వడ్డన చేశాడు. మన తెలుగు సంఘం ఏటా టాక్స్ సెమినార్ పెడుతుంది, ఇమిగ్రేషన్ లాయర్‌ని పిలుస్తుంది. లేఆఫ్ అయినవాళ్ల కోసం కూడా ఒక గది, రెండు ల్యాప్‌టాప్‌లు, ఈ దారి నడిచిన ఇద్దరు మనుషులు కావాలి. దసరా కార్యక్రమానికే మొదలుపెడదామని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. ఆ ఇద్దరిలో ఒకడిగా నేను కూర్చుంటాను.