ఇన్‌ఫ్లమేషన్ ఆపేస్తామని డబ్బాలు అమ్మేవాళ్లకి

ఈ మధ్య ఏ రీల్ చూసినా ఇన్‌ఫ్లమేషన్ గోలే, అంటే క్రిములొచ్చినా దెబ్బ తగిలినా ఒంట్లో రేగే మంట, వాపు. మోకాళ్ల నొప్పికి అదే కారణమట, షుగర్‌కి అదేనట, జుట్టు ఊడటానికీ అదేనట. చివర్లో ఓ పసుపు క్యాప్సూల్ డబ్బా, కింద డిస్కౌంట్ కోడ్. ఇన్‌ఫ్లమేషన్‌ని ఆపేస్తుందట! నిజంగా ఆగిపోతే మన గతేమిటో వీళ్లలో ఒక్కరైనా ఆలోచించారా?

ఒంట్లోకి సూక్ష్మజీవి వచ్చిందన్న కబురు కణం పైపొర నుంచి లోపలికి చేరాలి. ఆ పని చేసేవాటిలో ముఖ్యమైనవి కైనేజ్‌లనే ఎంజైములు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్ ముక్క తీసి వేరే ప్రోటీన్‌కి అంటిస్తాయి, అంతే. దాంతో ఆ ప్రోటీన్ తీరే మారిపోతుంది. మనిషిలో ఇలాంటివి 500కి పైనే. మామూలప్పుడు ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌ని ఒక కాపలా ప్రోటీన్ పట్టుకుని కేంద్రకం బయటే ఉంచుతుంది. ఐకేకే అనే కైనేజ్ ఆ కాపలాకి రెండు చోట్ల ఫాస్ఫేట్ అంటించగానే కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. ఎన్‌ఎఫ్-కప్పా-బి లోపలికెళ్లి మంటను పెంచే టీఎన్‌ఎఫ్ లాంటి ప్రోటీన్ల జన్యువులను నిద్రలేపుతుంది. నాకు భలే నచ్చే సంగతేంటంటే, అది లేపే జన్యువుల్లో ఆ కాపలా ప్రోటీన్ జన్యువూ ఉంటుంది. తనని కట్టేసేవాణ్ని తనే పిలుచుకుంటుందన్నమాట.

రేపేదే ఆపుతుంది కూడా అన్న ఇలాంటి పాఠమే మందుల కంపెనీలకి చాలా ఖరీదుగా దొరికింది. 1994లో పి38 అనే కైనేజ్ బయటపడింది. దాన్ని అడ్డుకుంటే టీఎన్‌ఎఫ్ తగ్గుతోంది కదా, ఇంకేం, రుమటాయిడ్ కీళ్లవాతానికి మందు దొరికినట్టే అనుకున్నారు. తీరా రోగులకిస్తే మంట ఎంతుందో చూపే సీఆర్‌పీ అనే ప్రోటీన్ రక్తంలో మొదట పడిపోయి, కొన్ని వారాలకే మళ్లీ ఎగబాకింది. ఆ జబ్బుకి పి38 మందు ఒక్కటీ మార్కెట్‌కి రాలేదు. పి38 మంట పెట్టడమే కాదు, మంటను తగ్గించే ఐఎల్-10 అనే ప్రోటీన్ తయారీకీ తోడ్పడుతుంది, తనకి పైనున్న టాక్1 అనే కైనేజ్‌ని అదుపులో ఉంచుతుంది. యాక్సిలరేటర్‌తో పాటు బ్రేకూ పీకేశారు మరి!

అలాగని కైనేజ్ మందులన్నీ దండగ అనను. జాక్ అనే కైనేజ్‌లను అడ్డుకునే టోఫాసిటినిబ్ మందుకి 2012లో అమెరికా అనుమతి వచ్చింది, ఎందరో కీళ్లవాత రోగులకి పనికొస్తోంది. కోవిడ్ రెండో వేవ్‌లో మన హైదరాబాద్ నాట్కో కంపెనీ తయారీకి దిగిన బారిసిటినిబ్‌దీ ఇదే జాతి. అయినా 2021లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల మీద గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్, రక్తం గడ్డల గురించి గట్టి హెచ్చరిక పెట్టించింది. పెద్ద పెద్ద ట్రయల్స్ దాటొచ్చిన మందు సంగతి ఇది.

ఇక పసుపు. గాజు పళ్లెంలోని కణాల మీద పసుపులోని కర్కుమిన్ పోస్తే ఐకేకే నెమ్మదిస్తుందన్న పేపర్లు ఉన్నాయి, అబద్ధం కాదు. కానీ మింగితే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పులుసులో వేసుకోండి, ఎవరొద్దన్నారు. వెయ్యి రూపాయల డబ్బా దగ్గరే నా పేచీ.

ఈ కబుర్లను నిజంగా అణిచే మందు రాసేముందు డాక్టర్ ఊరికే ప్రిస్క్రిప్షన్ ఇవ్వరు. టీబీ టెస్ట్ చేయిస్తారు. ఎందుకంటే ఊపిరితిత్తుల్లో దాగిన టీబీ క్రిమిని లేవకుండా పట్టి ఉంచే ఇంటర్‌ఫెరాన్-గామా అనే రోగనిరోధక ప్రోటీన్ కబురు కూడా ఆ జాక్ కైనేజ్‌ల మీదుగానే వెళ్లాలి.