నడుము పట్టేసిన మనిషిని మంచానికి కట్టేయకండి

మా ఆయనకు నడుము పట్టేసిన రోజు నుంచి ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట: "మంచం దిగనివ్వకమ్మా." ప్రేమతోనే అంటున్నారు, కాదనను. కానీ ఆ మాట తప్పు. వినీ వినీ ఓపిక నశించి ఇది రాస్తున్నాను.

కడపలో చాలా ఇళ్లలో ఉన్నట్టే మా వంటగట్టు కూడా నల్ల బండ. సిలిండరు దాని కిందే ఉంటుంది. గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే ముప్పై కిలోల దాకా తూగుతుంది. ఆయన గట్టు కిందికి వంగి, పక్కకు తిరిగి, చేతులు చాచి దాన్ని లాగారు. బరువు ఒంటికి దూరంగా ఉన్నప్పుడు వంగి మెలితిరిగితే ఆ ఒత్తిడంతా నడుము కింది పూసల మధ్య ఉండే డిస్కుల మీద పడుతుంది. గట్టు అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. కూర్చోలేరు, నిటారుగా లేవలేరు. నుదుటి మీద చెమటలు.

డాక్టరు కాళ్లు ఎత్తించి చూశారు, బొటనవేళ్ల బలం చూశారు, స్పర్శ తెలుస్తోందా అని అడిగారు. మందులు రాసి, ఒకటి రెండు రోజుల తర్వాత ఓర్చుకోగలిగినంత నడిపించమన్నారు. రోజుల తరబడి పడుకోబెడితే కండరాలు బలం కోల్పోయి, నడుము బిగుసుకుపోయి, కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుందట. ఇలాంటి నొప్పి ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుందని ధైర్యం కూడా చెప్పారు.

ఆ ధైర్యాన్ని మావాళ్లు సాయంత్రానికల్లా పోగొట్టారు. స్కానింగ్ తీయించలేదని ఒకరు నన్ను పిసినారిని చేశారు. ఏ నొప్పీ లేని మనుషులకు తీసినా, వయసు పెరిగేకొద్దీ స్కానింగులో డిస్కులు ఉబ్బినట్టు కనబడుతుంటాయి. ఆ కాగితం చూసి మనిషి మరింత బెదిరిపోతాడు. అవసరమైతే డాక్టరే రాస్తారు కదా? ఇంకొకరు పుత్తూరు కట్టు కట్టించమన్నారు. విరిగిన ఎముక ఏదీ లేదు, దేనికి కట్టాలి? ఎదురుకాళ్లతో పుట్టిన ఒకాయనను ఏకంగా మా గుమ్మం దాకా తీసుకొచ్చారు, నడుము తొక్కించడానికి. కాఫీ ఇచ్చి పంపించేశాను. నొప్పి పిరుదు నుంచి పిక్క దాకా లాగుతున్న మనిషి మీద కాలు పెట్టనిస్తానా? పెద్దవాళ్ల మాట లెక్క చేయడం లేదని అన్నారు. అననివ్వండి.

అసలు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కడం, పాదం పైకి లేవకుండా వేలాడిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఆగకూడదు. నరాల కట్ట నలిగిపోతుంటే ఆపరేషన్ ఆలస్యమైనకొద్దీ నష్టం శాశ్వతం కావచ్చు. పరామర్శకు వచ్చిన అంతమందిలో ఒక్కరు కూడా ఈ సంగతి అడగలేదు.

మంచం మీంచి లేపడం కూడా నేర్చుకోవాల్సిన పనే. చంకల్లో చేతులు వేసి లాగితే ఆయన నడుముకూ ముప్పే, నా నడుముకూ ముప్పే. మోకాళ్లు మడవాలి. భుజాలు, తుంటి ఒకేసారి పక్కకు తిరగాలి. కాళ్లు మంచం అంచు నుంచి జారుతుండగా మోచేతిమీద బరువు వేసి ఆయనే లేవాలి, నేను భుజం దగ్గర ఊతంగా ఉంటాను, అంతే. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు. మా ఇంట్లో ఉన్నది నేల మరుగుదొడ్డి, అందులో ఆయన గొంతుకు కూర్చోలేరు. మందుల షాపులో మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ కొని దాని మీద పెట్టాను. ఆ కుర్చీ చేసిన మేలు పరామర్శలన్నీ కలిపి కూడా చేయలేదు. దాని మీద కూర్చోవడానికి ఆయన పడిన సిగ్గు తీర్చడానికి మాత్రం చాలా మాటలు కావలసి వచ్చాయి. ఇల్లు నడిపిన మనిషి బాత్రూముకు ఇంకొకరి భుజం పట్టుకోవాల్సి వస్తే లోపల ఎంత నలిగిపోతాడో దగ్గరున్నవాళ్లకే తెలుస్తుంది. అలాంటి మనిషిని "కదలొద్దు" అని మరింత చేతకానివాడిని చేయడం నాకు సమ్మతం కాదు.

బత్తాయిలు తెచ్చి గంటసేపు కూర్చునేవాళ్లకు టీ పెట్టాల్సింది కూడా నేనే. ఎదురింటి వదిన మాత్రం ఏమీ చెప్పలేదు, ఏమీ అడగలేదు. పొద్దున్నే కొళాయి వదిలినప్పుడు మా బిందెలు కూడా నింపింది. మధ్యాహ్నం సంగటి, పప్పు పంపింది. మా అమ్మాయిని తన పిల్లలతో పాటు బడికి తీసుకెళ్లింది. ఆ మధ్యాహ్నం నేను కాసేపు నిద్రపోగలిగాను.

ఇప్పుడు సాయంత్రం ఎండ తగ్గాక ఆయన నా భుజం పట్టుకుని వీధి చివరి వేపచెట్టు దాకా నడుస్తున్నారు. అరుగుల మీద కూర్చున్నవాళ్లు "అయ్యో, అప్పుడే నడిపిస్తున్నావా తల్లీ" అంటున్నారు. నడిపిస్తున్నాను. రేపు కూడా నడిపిస్తాను.