తక్షశిలలో ఒక్క రాయి కూడా మిగల్లేదా? ఒక ఫార్వర్డ్‌కి జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ మళ్లీ తిరిగొచ్చే మెసేజ్ ఒకటుంది. సారాంశం ఇది: "ప్రపంచంలో మొట్టమొదటి యూనివర్సిటీ మన తక్షశిల. క్రీ.పూ. 700లోనే 10,500 మంది విద్యార్థులు, 68 సబ్జెక్టులు. పాణిని, చాణక్యుడు, చరకుడు అందరూ అక్కడ చదివినవాళ్లే. తురుష్కులు వచ్చి గ్రంథాలయాన్ని తగలబెడితే మూడు నెలలు కాలింది. ఇప్పుడు పాకిస్తాన్‌లో అక్కడ ఒక్క రాయి కూడా మిగల్లేదు. మిగిలినా మనం చూడలేం." కింద ఒక ఫోటో, వరసగా దండాల ఎమోజీలు.

పంపేవాళ్లది అభిమానమే, కాదనను. కానీ ఆ అభిమానం వెయ్యేళ్లు బతికిన ఒక నగరాన్ని అడ్మిషన్ల బ్రోచర్‌లా మార్చేసింది. ఒక్కో మాటా తీసి చూద్దాం.

ముందు ఫోటో. అందులో కనిపించే ఎర్ర ఇటుకల మెట్లు, ఎత్తైన స్తూపం నలందవి. అంటే బీహార్‌వి. తక్షశిల కట్టడాలు రాతివి. మార్గల్లా కొండల రాయిని పేర్చి కట్టిన గోడలు, వాటి మీద సున్నపు గచ్చు. రెండు ఊళ్లకీ మధ్య దాదాపు పదిహేను వందల కిలోమీటర్ల దూరం ఉంది. నలంద విహారం మొదలైంది క్రీ.శ. 5వ శతాబ్దిలో. మెసేజ్ చెప్పే తేదీకి అదింకా వెయ్యేళ్ల పైమాటే.

తర్వాత 10,500 మంది, 68 సబ్జెక్టులు. ఈ లెక్క ఏ ప్రాచీన గ్రంథంలోనూ లేదు, ఏ శాసనంలోనూ లేదు. తక్షశిల చదువుల గురించి మనకు ఎక్కువగా చెప్పేవి పాళీ జాతక కథలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు. వాటిలో ఒక్కో గురువు దగ్గర ఐదువందల మంది శిష్యులుంటారు. అది కథల్లో వాడే మామూలు అంకె, మనం "వందమందికి చెప్పాను" అన్నట్టు. చెప్పే విద్యలు మూడు వేదాలు, పద్దెనిమిది శిల్పాలు (అంటే కళలు, వృత్తివిద్యలు). రాజకుమారుడు పదహారేళ్లకు కాశీ నుంచి బయల్దేరి వెళ్లి, వెయ్యి నాణేలు గురుదక్షిణగా ముందే ఇచ్చి చేరతాడు. డబ్బు లేనివాడు పగలు గురువుగారింట్లో పనిచేసి రాత్రి పాఠం చెప్పించుకుంటాడు. ఒక కథలో కాశీ రాజకుమారుడు దారిలో ఒక ముసలమ్మ ఆరబెట్టుకున్న నువ్వులు పిడికెడు తీసి నోట్లో వేసుకుంటాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి గురువు అతణ్ని వెదురు బెత్తంతో కొడతాడు. రాజుగారబ్బాయి అయినా సరే!

ఇక వైద్యుడు జీవకుడి కథ బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో ఉంది. ఏడేళ్లు చదివాక గురువు అతనికి ఒక పార ఇచ్చి, తక్షశిల చుట్టూ యోజనం మేర తిరిగి మందుకు పనికిరాని మొక్క ఏదైనా దొరికితే తెమ్మంటాడు. జీవకుడు తిరిగి తిరిగి ఖాళీ చేతులతో వచ్చి, అలాంటి మొక్క ఒక్కటీ లేదంటాడు. అదే అతని ఫైనల్ పరీక్ష.

ఈ కథలన్నీ అక్షరాలా జరిగాయని కాదు. కానీ వీటిలో కనబడే ఏర్పాటు ఒక్కటే: పేరున్న గురువులు, వాళ్ల ఇళ్లు, వాళ్ల చుట్టూ శిష్యులు. క్యాంపస్, డిగ్రీ, వైస్ ఛాన్సలర్ ఏవీ లేవు. తవ్వకాలూ ఇదే చెబుతున్నాయి. బుద్ధుడి కాలానికి దగ్గరగా ఉన్న పొర తక్షశిల శిథిలాల్లోని భిర్ దిబ్బలో ఉంది. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త జాన్ మార్షల్ 1913 నుంచి 1934 దాకా తక్షశిలలో తవ్వించాడు. భిర్ దిబ్బలో బయటపడ్డవి వంకర టింకర సందులు, ఇరుకిళ్లు, మురుగు ఇంకడానికి తవ్విన గుంటలు. పాఠశాల అనదగ్గ భవనం ఏదీ తేలలేదు.

పేర్ల జాబితా గురించి రెండు మాటలు. పాణిని ఊరు శలాతురమని సంప్రదాయం. తక్షశిల పేరు ఆయన వ్యాకరణ గ్రంథం అష్టాధ్యాయిలో వస్తుంది (4.3.93), కానీ ఆయన అక్కడ చదివాడని ప్రాచీనులెవరూ రాయలేదు. చాణక్యుడిది తక్షశిల అన్న మాట ఆయన కాలం తర్వాత ఎన్నో శతాబ్దాలకు పుట్టిన బౌద్ధ వ్యాఖ్యానాల్లో ఉంది. చరకుణ్ని చైనా గ్రంథాలు కనిష్కుడి ఆస్థానానికి ముడిపెడతాయి. జాబితాలో ఖాయంగా ఉండాల్సిన పేరు మాత్రం లేదు. హెలియోడోరస్ తక్షశిలవాడు, గ్రీకువాడు. అక్కడి రాజు అంతియల్కిదాస్ దూతగా మధ్యప్రదేశ్‌లోని విదిశకు వచ్చి, వాసుదేవుడికి గరుడధ్వజం నిలబెట్టి, తాను భాగవతుణ్నని, తక్షశిలవాణ్నని దాని మీద చెక్కించాడు. క్రీ.పూ. 2వ శతాబ్ది చివరి నాటి ఆ స్తంభం ఇప్పటికీ అక్కడే ఉంది. గొప్ప చెప్పుకోవాలనుకుంటే ఇంతకంటే గట్టి ఆధారం ఏం కావాలి?

తగలబెట్టిందెవరు? మూడు నెలలు కాలిందన్న గ్రంథాలయం కథ నలందది. భక్తియార్ ఖిల్జీ బీహార్ మీద పడ్డది క్రీ.శ. 1200 ప్రాంతంలో. దాన్ని ఎవరో తెచ్చి తక్షశిలకు అతికించారు. చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ క్రీ.శ. 630 ప్రాంతంలో తక్షశిలకు వచ్చేసరికే అక్కడి సంఘారామాలు (బౌద్ధ మఠాలు) చాలావరకు పాడుబడి ఉన్నాయి, భిక్షువులు కొద్దిమందే. ఊరు కాశ్మీర రాజ్యం కింద ఉంది. తురుష్కుడు గజనీ మహమూద్ పెషావర్ దగ్గర హిందూషాహీ రాజు జయపాలుణ్ని ఓడించింది 1001లో. అంటే పాడుబడ్డాక మూడున్నర శతాబ్దాలకు పైగా గడిచాక.

మరి అగ్గి పెట్టినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. తక్షశిలలోని జౌలియన్ బౌద్ధ విహారంలో మంటల ఆనవాళ్లు ఉన్నాయి. బ్రాహ్మీలిపిలో రాసిన ఒక భూర్జపత్ర గ్రంథం సగం కాలి దొరికింది. మార్షల్ ఆ నేరం మధ్యాసియా నుంచి దండెత్తి వచ్చిన తెల్లహూణుల మీద మోపాడు. తర్వాతి పండితులు కొందరు ఒక్క దెబ్బతో అంతా పోయిందన్న మాటను ఒప్పుకోలేదు. వాణిజ్య మార్గాలు మారడం, దానాలు తగ్గడం, ఊరు మెల్లగా చిక్కిపోవడం కూడా లెక్కలోకి తీసుకున్నారు. నాకు ఇదే సబబనిపిస్తుంది. కాకపోతే మెల్లగా చిక్కిపోయిన ఊరి కథను ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

"ఒక్క రాయి కూడా మిగల్లేదు" అన్నది అన్నిటికంటే పెద్ద అబద్ధం. తక్షశిల 1980 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. ఇస్లామాబాద్ నుంచి కారులో గంటలోపు ప్రయాణం. అక్కడున్నది ఒక శిథిలం కాదు, కొన్ని కిలోమీటర్ల మేర పరుచుకున్న మూడు నగరాలు, వాటి చుట్టూ కొండల మీద విహారాలు. గ్రీకులు వేసిన సిర్కప్‌లో నేరుగా సాగే పెద్ద వీధి, రెండు పక్కలా ఇళ్ల పునాదులు ఇప్పటికీ నడిచి చూడొచ్చు. ఆ వీధి పక్కనే రెండు తలల గద్ద స్తూపం. దాని ముఖభాగం మీద గ్రీకు గుడి ముఖద్వారం, మన చైత్యపు కమాను, సాంచీలో కనబడే తోరణం, మూడూ వరసగా చెక్కి ఉంటాయి. కాస్త ఉత్తరాన జండియాల్ గుడి, దాని గ్రీకు శైలి అయోనిక్ స్తంభాలు. తూర్పున ధర్మరాజిక మహాస్తూపం. ఆ ప్రాంగణంలోనే బాహ్లిక (బాక్ట్రియా) దేశస్థుడొకడు బుద్ధధాతువులు, అంటే బుద్ధుడి అస్థికలు ప్రతిష్ఠించి ఖరోష్ఠి లిపిలో రాయించిన వెండి రేకు దొరికింది. మొహ్రా మొరాదులో ఒక భిక్షువు గదిలోనే చిన్న స్తూపం చెక్కుచెదరకుండా ఉంది. మ్యూజియం 1928లో తెరిచారు, ఇంకా నడుస్తోంది.

నష్టమే జరగలేదని నేననడం లేదు. జౌలియన్‌లో బొమ్మలకు తలలు లేనివి చాలా ఉన్నాయి. దొంగసరుకు వ్యాపారం ఎప్పట్నుంచో ఉంది. చుట్టూ రాతి క్వారీలు, ఫ్యాక్టరీలు. పాకిస్తాన్‌లోనే స్వాత్ లోయలో రాతిమీద చెక్కిన జహానాబాద్ బుద్ధుడి ముఖాన్ని తాలిబాన్లు 2007లో పేల్చేశారు. అయితే ఇటలీ పురావస్తు బృందం పాకిస్తాన్ వాళ్లతో కలిసి దాన్ని మళ్లీ చక్కదిద్దిందన్న సంగతి ఈ మెసేజ్‌లలో ఎక్కడా కనబడదు. 2001 మార్చిలో అఫ్గానిస్తాన్‌లో పోయిన బామియాన్ బుద్ధ విగ్రహాలు మాత్రం పోయినట్టే. వాటి గూళ్లు, గుహలు ఉన్నాయి.

చివరిది, "మనం చూడలేం." ఇందులో సగం నిజముంది. 1974 నాటి ఒప్పందం కింద రెండు దేశాలూ యాత్రికుల బృందాలను అనుమతిస్తాయి. అది పుణ్యక్షేత్రాల వరకే. తక్షశిలకు దగ్గర్లో ఉన్న హసన్ అబ్దాల్‌లోని పంజా సాహిబ్ గురుద్వారా ఆ జాబితాలో ఉంది, తక్షశిల లేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత వీసాలు, అట్టారీ దారి కూడా మూతపడ్డాయి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, భారత సంతతి అనగానే పరిశీలన ఎక్కువ. టెన్షన్ పడే ఓపిక ఉండాలి.

కానీ తక్షశిల ఉన్న ప్రాంతం గాంధారం; ఆ గాంధార శిల్పాలు చూడటానికి సరిహద్దు దాటక్కర్లేదు. విభజన తర్వాత 1948లో లాహోర్ మ్యూజియం శిల్పాలను 60:40 లెక్కన పంచారు. మన వాటా ఇప్పుడు చండీగఢ్ ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అక్కడ వందల గాంధార శిల్పాలున్నాయి, సోమవారం సెలవు. కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో గాంధారానికి విడిగా గ్యాలరీ ఉంది.

ఇందులో మనకు సొంత బంధుత్వమూ ఉంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి శాసనం ఒకటి కాశ్మీర, గాంధారాల పేర్లు ఎత్తుతుంది. ధర్మప్రచారం జరిగిన దేశాల వరసలో చీనా, యవన, దమిళ దేశాలతో పాటు అవీ ఉన్నాయి. తక్షశిలలో దొరికిన ధాతువులు కొన్ని, నాగార్జునకొండలో దొరికినవి కొన్ని సారనాథ్‌లోని మూలగంధకుటి విహారంలో కలిపి ఉంచారు. కార్తీక పౌర్ణమికి వాటిని బయటికి తీసి జనానికి దర్శనం ఇప్పిస్తారు. కాశీకి వెళ్లే మనవాళ్లకు సారనాథ్ పది కిలోమీటర్లు, ఆటోలో వెళ్లి రావచ్చు.