డెస్క్‌టాప్ కొంటే పాట బాగుపడదు, ఆ ఫార్వర్డ్ ఇక ఆపండి

నిన్న రాత్రి పదకొండు దాటాక మళ్లీ వచ్చింది. ఈ నెలలో ఇది ఆరోసారి. "ఇంట్లో మ్యూజిక్ చేయాలనుకునే ప్రతి ఒక్కరూ తప్పక చదవండి" అని మొదలై, మధ్యలో మూడు హెడ్‌ఫోన్ బొమ్మలు పెట్టి, "కనీసం పది మందికి పంపండి, ఒకరి భవిష్యత్తు బాగుపడుతుంది" అని ముగిసే మెసేజ్. ఈసారి పంపినవాడు నాతో పాటు కాలేజీలో కీబోర్డ్ వాయించినవాడు, అంటే తెలిసి ఉండాల్సినవాడు. కింద "నిజమేనా బ్రో?" అని ఒక ప్రశ్న. కాదు బ్రో. ఒక్కొక్కరికీ విడివిడిగా టైప్ చేసే ఓపిక అయిపోయింది కాబట్టి మొత్తం ఒకేచోట రాసేస్తున్నా, ఇకపై ఎవరు పంపినా వాళ్లకు ఇదే తిరిగి పంపుతా.

ఇంకా చూడని అదృష్టవంతుల కోసం: అందులో ఎనిమిది పాయింట్లున్నాయి. ల్యాప్‌టాప్‌లో మ్యూజిక్ చేయడం దండగ, పెద్దవాళ్లెవరూ చేయరు. డెస్క్‌టాప్‌లో సౌండ్ క్వాలిటీ ఎక్కువ, కాబట్టి డబ్బంతా మెషిన్ మీదే పెట్టండి, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే డబ్బా), మైకు తర్వాత చూసుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి. 32 జీబీ ర్యామ్ లేకపోతే అసలు మొదలుపెట్టొద్దు. ల్యాప్‌టాప్‌లో లేటెన్సీ ఉంటుంది, డెస్క్‌టాప్‌లో ఉండదు. 192 కిలోహెర్ట్జ్‌లోనే రికార్డ్ చేయాలి. ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది. పాడైతే బాగుచేయడం కుదరదు.

ముందే ఒక మాట. నేను వాడేది డెస్క్‌టాపే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్ మెట్లు ఎక్కి దిగి, ఒక్కో పార్టు ఒక్కో షాపులో బేరమాడి కట్టించుకున్నది, ఆరేళ్లుగా నడుస్తోంది. అంటే ఆ మెసేజ్ నా పార్టీయే. నా పార్టీవాడు ఇంత అడ్డంగా మాట్లాడుతుంటే నాకే సిగ్గేస్తోంది.

మొదటి పాయింటు, పెద్దవాళ్ల సంగతి. మెసేజ్‌లో రెహ్మాన్ గారి పేరు కూడా వాడుకున్నారు, పాపం. ఆయన 1989లోనే ఇంటి పెరట్లో స్టూడియో కట్టుకున్నారు. మనకు పెరడు లేదు, పైన పోర్షన్‌లో ఉండేవాళ్లు రాత్రి పదింటికి తలుపు కొడతారు. పోలిక పెట్టుకునేముందు అది చూసుకోండి. స్టేజి మీద ట్రాకులు నడిపేవాళ్ల ముందు ఏముంటుందో ఏ లైవ్ షోకి వెళ్లినా కనిపిస్తుంది, సీపీయూ మోసుకొచ్చినవాడిని నేనైతే చూడలేదు.

192 కిలోహెర్ట్జ్. ఇది శబ్దాన్ని సెకనుకు ఎన్ని వేల సార్లు కొలవాలన్న లెక్క, పట్టుబడే శబ్దం అందులో సగం కిలోహెర్ట్జ్ దాకా. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటి వినపడదు, వయసు పైబడితే అదీ ఉండదు. సీడీకి 44.1 చాలింది, వీడియోకి 48 చాలుతోంది. 24 బిట్‌లో ఒక్క మోనో ట్రాక్ నిమిషానికి 48 దగ్గర దాదాపు 8.6 ఎంబీ తీసుకుంటే 192 దగ్గర 34 దాటుతుంది. ఆ పెరిగిందంతా గబ్బిలాల కోసం. తర్వాత.

ర్యామ్. 8 జీబీతో ఇవాళ్టి విండోస్‌లో ఇబ్బందే, ఒప్పుకుంటా. 16 ఉంటే నలుగురు పాడి, తబలా, కీబోర్డ్, రెండు లూపులు వేసుకునే పాటకు ధారాళం. సినిమా రీరికార్డింగ్ స్థాయిలో పెద్ద ఆర్కెస్ట్రా శాంపిల్ లైబ్రరీలు (వాద్యాల రెడీమేడ్ రికార్డింగులు) లోడ్ చేసేవాళ్లకు 32 కూడా చాలదు, కానీ వాళ్లు వాట్సాప్ ఫార్వర్డ్ చూసి కంప్యూటర్ కొనరు.

లేటెన్సీ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే దీన్ని నమ్మి మంచి ల్యాప్‌టాప్ అమ్ముకున్నవాడిని నేను చూశాను. మైకులో పాడితే హెడ్‌ఫోన్‌లో మన గొంతు మనకే ఆలస్యంగా వినపడటం, అదీ గోల. అది వచ్చేది బఫర్ నుంచి (కంప్యూటర్ శబ్దాన్ని కాస్త పోగేసుకుని పంపే చోటు), డ్రైవర్ నుంచి. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు. 1024 పెడితే 21 దాటుతుంది, అదీ లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి. స్పీకరుకు మీటరు దూరంలో కూర్చుంటే గాలిలోనే దాదాపు 3 మిల్లీసెకన్లు పోతాయి, దాని గురించి ఎవరూ మెసేజ్ పెట్టరు. విండోస్‌లో మామూలు సౌండ్ డ్రైవర్ వాడితే లక్షన్నర డెస్క్‌టాప్‌లోనూ గొంతు వెనకబడుతుంది. ఇంటర్‌ఫేస్‌తో వచ్చే ఏసియో డ్రైవర్ వేసుకుంటే పాత ల్యాప్‌టాప్‌లో కూడా దారికొస్తుంది. ఈ ఏసియో పద్ధతిని స్టైన్‌బర్గ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు 1997లో తెచ్చారు, అంటే ఈ సమస్యకు మందు కనిపెట్టి పాతికేళ్లు దాటింది. ల్యాప్‌టాప్‌లో అదనంగా చేయాల్సింది రికార్డింగ్ టైమ్‌లో వైఫై ఆపడం, పవర్ సెట్టింగ్‌ను సేవర్ నుంచి పెర్ఫార్మెన్స్‌కు మార్చడం. చిటపటలు చాలావరకు అక్కడే పోతాయి. రెండు క్లిక్కుల పని, ఎనభై వేల పని కాదు.

ఇక ఆ రెండో పాయింటు. డెస్క్‌టాప్‌లో సౌండ్ క్వాలిటీ ఎక్కువట, డబ్బంతా దాని మీదే పెట్టాలట.

ఒకే ప్రాజెక్టును, అవే ప్లగిన్లతో (ఎఫెక్టులిచ్చే చిన్న సాఫ్ట్‌వేర్లు), ఒకసారి డెస్క్‌టాప్‌లో, ఒకసారి ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌పోర్ట్ చేయండి. రెండు ఫైళ్లనూ పక్కపక్కన రెండు ట్రాకుల మీద పెట్టి ఒకదాని ఫేజ్ తిప్పండి, అంటే తరంగాన్ని తలకిందులు చేయండి, రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కొన్ని ఎఫెక్టులు కావాలని కలిపే ర్యాండమ్ మార్పులు పక్కన పెడితే మీకు వినపడేది నిశ్శబ్దం. రెండు రెళ్లు నాలుగు అని చిన్న డబ్బా చెప్పినా నాలుగే, పెద్ద డబ్బా చెప్పినా నాలుగే. సౌండ్ తేడా వచ్చేది కంప్యూటర్‌లోకి వెళ్లకముందు: గదిలో, మైకులో, మైకు సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్‌లో, గొంతును అంకెల్లోకి మార్చే కన్వర్టర్‌లో. ఆ చివరి రెండూ ఉండేది, ఈ మహానుభావుడు "తర్వాత చూసుకోవచ్చు" అన్న ఇంటర్‌ఫేస్‌లోనే. గారెలకు పప్పు తర్వాత చూసుకోవచ్చు, ముందు మూకుడు కొనండి అన్నట్టుంది.

ఇది నాకు ఎందుకింత మంటో చెప్తా. కరీంనగర్‌లో మా చిన్నమ్మ కొడుకు ఉన్నాడు. జానపదాలంటే ప్రాణం, ఊళ్లో అమ్మమ్మ దగ్గర నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు బోలెడున్నాయి, అవి పట్టుకోవాలని వాడి తపన. ఈ మెసేజ్ వాడికీ వచ్చింది. నన్ను అడగలేదు, అడిగితే ఆపేస్తానని తెలుసు. 95 వేలు పెట్టి, 12 నెలల ఈఎంఐలో డెస్క్‌టాప్ కొన్నాడు: అద్దాల కేబినెట్, రంగు రంగుల లైట్లు, అందులో 38 వేలు ఒక్క గ్రాఫిక్స్ కార్డుకే. మైకుకు మిగిలింది నాలుగు వందలు. కాలర్ మైకు తెచ్చి కేబినెట్ ముందున్న గులాబీ రంగు కన్నంలో గుచ్చాడు. ఆ కన్నం నుంచి బోర్డు దాకా సన్నటి వైరు గ్రాఫిక్స్ కార్డు పక్క నుంచే పోతుంది, దారిలో ఉన్న గోలంతా మోసుకుంటూ. మౌస్ కదిపితే హెడ్‌ఫోన్‌లో గరగర. దానికి తోడు అడుగు దూరంలో నాలుగు ఫ్యాన్లు.

అమ్మమ్మను ఆ గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి పాడించాడు. ఆమె ఒకసారి పాడితే పాడినట్టు, రెండోసారి అడిగితే పాట మారిపోతుంది, చరణాలు కూడా మారిపోతాయి. పాడటం అయ్యాక వినిపించాడు. ఆమె తల పక్కకు వంచి కాసేపు విని, "ఏంది బిడ్డా, నా పాటల తుమ్మెద జొర్రిందా?" అంది. వాడు నాకు ఫోన్ చేసి "అన్నా, ఆ తుమ్మెదను తీయొచ్చా?" అని అడిగాడు. నాయిస్ రిడక్షన్ పెట్టి తీశాం. తుమ్మెదతో పాటు ఆమె గొంతులో ఊపిరి కూడా పోయింది, నీళ్ల బిందెలో తల పెట్టి పాడినట్టు వచ్చింది.

తర్వాతి నెల నేను వెళ్లినప్పుడు మా చెల్లి పాత ల్యాప్‌టాప్, 8 జీబీదే, నా రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు తీసుకెళ్లాను. కిటికీకి రెండు దుప్పట్లు, మంచం నిలబెట్టి దాని మీద ఒక బొంత. ఛార్జర్ పెడితే జుయ్‌మని హమ్ వస్తోంది. చూస్తే గోడ మీద మూడు కన్నాల సాకెట్ ఉంది కానీ మూడో కన్నం వెనక వైరే లేదు, ఎర్త్ అంతా అలంకారమే. ఛార్జర్ పీకేశాం, హమ్ పోయింది. ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, అమ్మమ్మను ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి రికార్డ్ నొక్కాను. మైకుకు కావాల్సిన 48 వోల్టులు కూడా ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచి ఇంటర్‌ఫేస్ తీసుకుంటోంది. మధ్యలో కరెంటు పోయిందట. మాకు పాట అయ్యాకే తెలిసింది, ఫ్యాన్ ముందే ఆపేశాం కదా. అదే అద్దాల కేబినెట్ అయితే రెండో చరణం దగ్గరే అన్ని లైట్లూ ఆరిపోయి ఉండేవి. యూపీఎస్ ఉన్నా, చిన్నదైతే ఫైల్ సేవ్ చేసుకునేంత సేపే నడిచేది.

ఆ మొదటిసారి పాడిన పాట మాత్రం అలా మళ్లీ రాలేదు. రెండోసారి వేరే పాడింది.

కాబట్టి డబ్బంతా మెషిన్ మీద పెట్టండి అని పది మందికి పంపే పెద్దమనుషులారా, ఇంట్లో నాలుగేళ్ల లోపు కంప్యూటర్ ఏదున్నా సరే, దాంతోనే మొదలుపెట్టమని చెప్పండి. చేతిలో ఉన్న మొదటి ముప్పై వేలు ఇంటర్‌ఫేస్, మైకు, చెవులు మూసే హెడ్‌ఫోన్స్‌కు పోవాలి, బొంతలు ఇంట్లోనే ఉంటాయి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు రీపర్ ఉంది, 60 రోజులు ఏదీ దాచకుండా వాడుకోనిస్తారు, నచ్చితే 60 డాలర్లు. అవన్నీ వచ్చాక కూడా కంప్యూటర్ మొరాయిస్తే అప్పుడు కొత్తది.

గ్రాఫిక్స్ కార్డు గురించి విడిగా రాయాలా? ఆడియో లెక్కలన్నీ దాదాపుగా ప్రాసెసరే చేస్తుంది. అందులోనూ ఒక ట్రాక్ మీద వరుసగా పది ఎఫెక్టులు పెడితే అవి ఒకదాని వెనక ఒకటి నడవాల్సిందే, కాబట్టి కోర్లు ఎన్ని అన్నదానికంటే ఒక్కో కోరు ఎంత చురుకు అన్నది ముఖ్యం. తెర మీద తరంగాలు గీయడానికి ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ చాలు. ఒక్క జాగ్రత్త, ఇంటెల్ వాటిలో పేరు చివర ఎఫ్ అని ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, బేరం బాగుందని అది తెస్తే కార్డు కొనక తప్పదు.

ఏడో పాయింటు, వేడి. చెప్పడానికి మనసొప్పడం లేదు కానీ ఇది నిజం. మెసేజ్ రాసినవాడు ఈ ఒక్క విషయంలో మాత్రం అనుభవంతో రాశాడు. మే నెలలో మా వైపు 44, 45 డిగ్రీలు. రికార్డింగ్ అంటే ఫ్యాన్ ఆపాలి, కూలర్ ఆపాలి, కిటికీ మూయాలి. పావుగంటలో మనిషి, ల్యాప్‌టాప్ ఇద్దరూ ఉడుకుతారు. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పటిదాకా సాఫీగా నడిచిన మిక్స్ పటపటమంటుంది, సరిగ్గా పల్లవి ఎత్తుకునేసరికి దాని చిన్న ఫ్యాన్ విమానంలా లేస్తుంది. డెస్క్‌టాప్‌లో పెద్ద ఫ్యాన్లు నిదానంగా తిరుగుతాయి, పైగా కేబినెట్‌ను పక్క గదిలో పెట్టి మైకు వైరు పది మీటర్లు లాక్కోవచ్చు, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌కు ఆ దూరం లెక్కే కాదు. నేను డెస్క్‌టాప్‌కు మారిందే ఒక ఏప్రిల్‌లో. ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్ చప్పుడు చేయదు గానీ, వేడికి నెమ్మదించడం దానికీ తప్పదు. 2024లో ఎం4 చిప్‌తో వచ్చిన యాపిల్ మ్యాక్ మినీ ఇక్కడ 59,900కి దిగింది, 16 జీబీతో, అరచేతిలో పట్టేంత. మానిటర్ వేరే కొనుక్కోవాలి, ర్యామ్ తర్వాత పెంచుకోలేం. అది డెస్క్‌టాప్ కిందే లెక్క, కానీ బ్యాగులో పడుతుంది. మెసేజ్‌వాడు దాన్ని ఏ ఖాతాలో వేస్తాడో.

ఎనిమిదోది, బాగుచేయడం. ఇదీ సగం ఒప్పుకుంటా. నా డెస్క్‌టాప్ పవర్ సప్లై కాలిపోతే అదే సాయంత్రం కొత్తది వేసుకుని మిక్స్ పంపించేశాను. ల్యాప్‌టాప్ బోర్డు పోయినప్పుడు ఒక సర్వీస్ సెంటర్‌లో చెప్పిన రేటుకు ఇంకో పాత ల్యాప్‌టాప్ వచ్చేది. కానీ సింగర్ ఉన్న ఊరికే వెళ్లి వాయిస్ తీసుకునేవాళ్లకు, చర్చిలో ఆదివారం పాటలు పట్టుకునేవాళ్లకు, అద్దె గది ఏడాదికోసారి మారే కుర్రాళ్లకు ఈ సుఖమంతా ఎందుకు? కేబినెట్‌ను ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని రమ్మంటారా?

మా తమ్ముడి ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ లేదు, అదృష్టం. గ్రాఫిక్స్ కార్డు పీకి పక్కన పెట్టాడు, కేబినెట్ కాస్త చల్లబడింది. ఇంకా ఏడు ఈఎంఐలున్నాయి. ఒక ఇంటర్‌ఫేస్, మంచి మైకు చూసి పెట్టాను, కార్డు పోతే అవి వస్తాయి. డబ్బా, బిల్లు అన్నీ ఉన్నాయి. గేములాడేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆ మెసేజ్ పంపే బదులు ఈ కబురు పది మందికి పంపినా చాలు.